నేల యాదుంటది, కిలోమీటర్లు యాదుండవు

ఊళ్లు తిరిగే ఉద్యోగం చేస్తూ కూడా పొద్దుటి పరుగు మానని మనిషి ఎవరైనా దొరికితే ఒక మాట అడిగి చూడండి. ఐదేళ్ల కింద దేవరకొండలో ఎన్ని కిలోమీటర్లు ఉరికావంటే తల గోక్కుంటాడు. ఎక్కడ ఉరికావంటే మాత్రం ఆపినా ఆగడు. రోడ్డు ఏ పక్కన కంకర తేలి ఉంది, ఏ మలుపు కాడ కుక్కలు లేచాయి, తిరిగి వస్తుంటే ఎండ ఏ చెంప మీద పడింది, అన్నీ నిన్నటి ముచ్చటలా చెప్తాడు. ఫోన్‌లో అంకెలన్నీ భద్రంగానే ఉంటాయి, తీసి చూసే పుణ్యాత్ముడే ఉండడు.

అందుకే నేననేది ఇది. సొంత ఊళ్లో ఉన్నన్నాళ్లు కిలోమీటర్లు లెక్కపెట్టుకోండి, కాదనను. ఊరు దాటినంక నిమిషాలే లెక్కపెట్టండి. పరుగు అయినంక వేగం కాదు, నాలుగు సంగతులు రాసిపెట్టుకోండి: నేల, నీడ, నీళ్లు, కుక్కలు. నల్గొండ, పాలమూరు వైపు ఈ నాలుగూ మండలం మండలానికి మారిపోతాయి. నిన్న నకిరేకల్‌లో పనికొచ్చిన లెక్క రేపు గద్వాలలో పనికిరాదు.

"రేసు ఉంది, వారానికి ఇన్ని కిలోమీటర్లని ప్లాన్ రాసుకున్నా, దాన్నేం చేయను?" అని అడిగేవాళ్లుంటారు. నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో 5 కిలోమీటర్లు చదును మీది పరుగు. నాగార్జునసాగర్ హిల్‌ కాలనీలో అదే 5 కిలోమీటర్లంటే సగం ఎక్కుడు, సగం దిగుడు. అలంపూర్ వైపు వాన వెలిసిన తెల్లారి రేగడి బాటలో అయితే 2 కిలోమీటర్లకే తొడలు మొండికేస్తాయి. మూడింటికీ ప్లాన్‌లో ఒకే అంకె. కాళ్లకూ గుండెకూ పడ్డ కష్టం మాత్రం ఒకటి కాదు. మాట్లాడగలిగేంత నెమ్మదిలో 30 నిమిషాలు ఉరికితే మూడు చోట్లా పని దాదాపు సమానం. రేసు ఉన్నవాళ్లకు కూడా ప్రయాణపు వారం ఇట్ల గడిస్తే పోయేదేం లేదు. పోయేది కొత్త నేల మీద పాత వేగం కోసం పంతం పడితేనే.

కొత్త ఊళ్లో మొదటి రోజు సగం చాలు. 5 నిమిషాలు జోరుగా నడవాలి, 8 నిమిషాలు ఒక దిక్కుకు ఉరకాలి, వెనక్కి తిరగాలి, చివర మళ్లీ 5 నిమిషాలు నడవాలి. రెండో రోజు 12 నిమిషాలకు, మూడో రోజు 15కు పెంచుకోవచ్చు. దారి చుట్టు తిరిగేది కాకుండా పోయిన దారినే వచ్చేదైతే మేలు. తప్పిపోయే భయం ఉండదు, పోయేటప్పుడు చూసిన గుంత వచ్చేటప్పుడు యాదిలో ఉంటుంది. పూర్తి వాక్యం ఒకటి గుక్క తిప్పుకోకుండా పలకగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. రెండు మాటలకే రొప్పు వస్తే తగ్గించాలి. దానికి గడియారం అక్కర్లేదు.

ఏ దిక్కుకు పోవాలన్నదానికీ లెక్కుంది. మే చివర ఇక్కడ పొద్దు 5:40 ప్రాంతంలో పొడుస్తుంది, జనవరి నడుమ 6:45 ప్రాంతంలో. పొద్దు పొడవక ముందే బయలుదేరేవాళ్లు ముందు తూర్పుకు పోవాలి. తిరిగొచ్చేసరికి ఎండ వీపు మీదికి వస్తుంది, కళ్లల్లోకి రాదు. గాలి ముచ్చట చలికాలం ఒకలా, ఎండాకాలం ఒకలా. చలికాలం ముందు గాలికి ఎదురు పోయి, చెమట పట్టినంక గాలిని వీపున వేసుకుని రావాలి, లేకుంటే తడి బనీను ఒళ్లంతా వణికిస్తుంది. ఎండాకాలం తిరగేయాలి. వచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటేనే చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. గాలి వెనక నుంచి మన వేగంతోనే వస్తుంటే గాలి లేనట్టే, చెమట కారుతుంది తప్ప ఆరదు.

దారి ఎవరిని అడగాలి? లాడ్జి కౌంటర్‌లో అడిగితే "సార్, స్టేడియం ఉంది" అంటారు, అంతే. తెల్లారుజామున లేచే మనిషిని అడగాలి. పాలాయన, బస్టాండ్ కాడ చాయ్ పెట్టేటాయన, కట్ట మీద వాకింగ్ చేసే రిటైర్డ్ సారు, వీళ్లకు తెలుస్తుంది.

"అన్నా, పొద్దుగాల ఉరకడానికి చెరువు కట్ట మంచిగుంటదా?"

"మంచిగనే ఉంటది. మత్తడి దాకా పో. అవతలికి పోకు, అంతా తుమ్మలే."

ఈ రెండు ముక్కల్లో మ్యాప్‌లో దొరకనిది మొత్తం ఉంది. ఎక్కడి దాకా నేల బాగుంది, ఎక్కడ తిరగాలి, ఎందుకు తిరగాలి. ఒక్క జాగ్రత్త: "జర్రంత దూరమే" అంటే నమ్మొద్దు. మా దిక్కు జర్రంత దూరం అర కిలోమీటరూ కావచ్చు, నాలుగు కిలోమీటర్లూ కావచ్చు. నిమిషాలు లెక్కపెట్టే మనిషికి ఆ బాధ లేదు, టైమ్ కాగానే ఎక్కడుంటే అక్కడే తిరుగుతాడు.

ఇక నేల. ఇక్కడ ఎంత రాసినా తక్కువే.

మొరం పోసిన చెరువు కట్టను మించింది ఈ జిల్లాల్లో లేదు. అడుగు వేస్తే కొంచెం లొంగుతుంది, జారదు, రెండు పక్కలా చూపు ఆనుతుంది. నల్గొండ పక్కన పానగల్ ఉదయసముద్రం కట్ట మీద పొద్దున జనం నడిచేది అందుకే. సూర్యాపేట సద్దుల చెరువు లాంటివి మినీ ట్యాంక్‌బండ్లుగా మారి సిమెంటు టైల్స్ వేయించుకున్నాయి. చూడ్డానికి బాగుంటాయి, తడి టైల్ మీద మాత్రం మడమ మొదట ఆనితే కాలు జారుతుంది. టైల్స్ పక్కన మట్టి అంచు ఉంటే దాని మీద ఉరకడమే మేలు.

ఎర్ర చెల్క నేల ఎండినప్పుడు బంగారం. వాన పడినా రెండు మూడు గంటల్లో నీళ్లు ఇంకిపోతాయి. రేగడి దానికి పూర్తిగా ఉల్టా. నాలుగు చినుకులు పడగానే బూటుకు అంటుకుని, దాని మీద ఇంకో పొర అంటుకుని, వంద అడుగుల్లో ఒక్కో కాలికి ఇటుక కట్టినట్టవుతుంది. బరువు ఒక్కటే కాదు, అడుగు గుండ్రంగా అయిపోయి మడమ అటూ ఇటూ ఒరుగుతుంది. చీలమండ బెణికేది అక్కడే. రేగడి ప్రాంతానికి వానాకాలంలో పోతే డాంబర్ రోడ్డే దిక్కు. ఎండాకాలం అదే రేగడి నెర్రెలు విచ్చి, పాదం ముందు భాగం ఇరుక్కునేంత సందులు పడుతుంది. గడ్డి కప్పిన నెర్రె కనపడదు.

వాగు ఇసుక మీద ఉరకాలని అందరికీ ఉంటుంది. ఎండిన దుబ్బలో 5 నిమిషాలు దాటొద్దు. మడమ దిగిపోతుంది కాబట్టి పిక్కా, మడమ వెనకాలి నరమూ ప్రతి అడుగుకీ ఎక్కువ సాగుతాయి. నొప్పి ఆ రోజు తెలియదు, తెల్లారి మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. నీళ్ల అంచున తడిసి గట్టిపడ్డ ఇసుక అయితే నయం.

ఊళ్లల్లో సీసీ రోడ్డు అన్నిటికన్నా కఠినం. ఇంటి కాడ మట్టి మీద ఉరికేవాళ్లు లాడ్జి ముందున్న సీసీ మీద మూడు రోజులు వరసగా ఉరికితే మోకాలి కింద, ముందు ఎముక లోపలి అంచున నొప్పి మొదలవుతుంది. వేలితో నొక్కితే పొడుగునా నొప్పి ఉంటే విశ్రాంతి ఇచ్చి నేల మారిస్తే తగ్గుతుంది. ఒకే చోట, రూపాయి బిళ్లంత మేర మీద సలుపుతుంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి, ఎముక పగులు కావచ్చు.

డాంబర్ రోడ్డు గురించి ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. వాన నీళ్లు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు, నూటికి రెండు రెండున్నర వంతు. మనం ఎదురుగా వచ్చే బండ్లు కనపడాలని కుడి అంచున ఉరుకుతాం, అది సరైన పద్ధతే. అట్ల ఉరికితే కుడి కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. "తిరిగొచ్చేటప్పుడు సరి అవుతుంది కదా" అనుకుంటారు. కాదు. తిరిగొచ్చేటప్పుడు కూడా ఎదురు బండ్లు చూడాలని రోడ్డు దాటి మళ్లీ కుడి అంచుకే వస్తాం, మళ్లీ కుడి కాలే పల్లంలో. పోనూ రానూ ఒకే కాలికి శిక్ష. నెల రోజులు ఇట్ల గడిస్తే మోకాలి బయటి పక్కనో, తుంటి కాడో పట్టేసినట్టుంటుంది. బండ్లు లేని తెల్లారుజామున, ముందు నుంచీ వెనక నుంచీ ఏమీ రావడం లేదని తేల్చుకుని కాసేపు నడుమ గీత మీద ఉరకడం, మిగతాది మట్టి అంచున ఉరకడం, ఇదే మందు. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాళ్లు నడుమ గీత జోలికి పోవద్దు.

ముళ్ల సంగతి దగ్గరగా చూడాలి. సర్కారు తుమ్మ ముల్లు రెండు మూడు సెంటీమీటర్లుంటుంది, ఎండితే మేకు లెక్క. ఇప్పటి మందపాటి నురుగు అట్ట బూట్లకు అడుగున రబ్బరు అక్కడక్కడే అంటించి, నడుమ నురుగు బయటికి వదిలేస్తారు. ముల్లు ఆ సందులోనే దిగుతుంది. దిగినప్పుడు తెలియదు. అడుగు పడ్డ ప్రతిసారీ ఒక పిసరు పైకి జరిగి, ఏ కిలోమీటరు తర్వాతో అరికాలికి చీమ కుట్టినట్టు తగులుతుంది. అప్పుడు గోళ్లతో లాగితే బయటి ముక్క విరిగి లోపలిది లోపలే ఉంటుంది. బూటు విప్పి, లోపలి పలక తీసి, ముల్లు చుట్టూ నురుగును రెండు బొటనవేళ్లతో అదమాలి. తల కొంచెం బయటపడితే గోళ్ల కత్తెరతో నొక్కకుండా పట్టుకుని, దిగిన వాటంలోనే లాగాలి. విరిగితే లోపలి వైపు నుంచి సూదితో బయటికి నెట్టాలి. లోపల ముల్లుందా లేదా అని వేలు పెట్టి వెతకొద్దు, పాత సాక్సు దూర్చి తిప్పితే దారం పట్టుకుని అదే చెప్తుంది. కాలికే గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ వేసుకుని ఐదేళ్లు దాటి ఉంటే వేయించుకోవాలి. తుమ్మలున్న దిక్కుకు పాత కాలపు బూటే నయం, అడుగంతా గట్టి రబ్బరుండేది. షాపులో చేతికి మెత్తగా తగిలిందని కొనేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు.

పల్లేరు కాయలు వేరే రకం. అవి పరుగులో ఏమీ చేయవు. బూటుకు కరుచుకుని మనతోపాటే లాడ్జి గదికి వచ్చి, రాత్రి బాత్రూంకు లేచినప్పుడు ఉత్త కాలికి దొరుకుతాయి. బూట్లు తలుపు బయటే విడవాలి.

ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు, అక్టోబర్ నుంచి వానాకాలం వడ్లు కోతకొస్తే రోడ్డు సగం కల్లమవుతుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు, సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే ఊళ్లన్నిటా ఇదే. కొనుగోలు సెంటర్‌లో తేమ 17 శాతానికి మించితే తీసుకోరు, రైతుకు రోడ్డు తప్ప వేరే ఆరుబయలు ఉండదు. పొద్దెక్కాక రైతులు చెప్పులు విడిచి, వడ్లల్లో కాళ్లు ఈడ్చుకుంటూ సాళ్లు తీసినట్టు కలుపుతుంటారు, కింది తడి గింజ పైకి రావాలని. దాని మీద బూటు వేయడమంటే అన్నం మీద అడుగేసినట్టే, ఎవరూ చెప్పక్కర్లేదు. మర్యాద సంగతి పక్కన పెట్టినా, డాంబర్ మీద చెదిరిన వడ్ల గింజలు కాలి కింద గోళీల్లా దొర్లుతాయి. అసలు ప్రమాదం చీకట్లో. కుప్ప మీద నల్ల పట్టా కప్పి, అది లేవకుండా అంచులకు రాళ్లు పెడతారు. నల్ల పట్టా, నల్ల రోడ్డు, నల్ల రాయి. ఆ నెలల్లో తెల్లారుజామున తలకు లైటు లేకుండా ఆ రోడ్ల మీద ఉరకొద్దు, లేదా వెలుతురు వచ్చేదాకా ఆగండి.

నీడ ముచ్చట మాకు మొదటి నుంచీ కరువే. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దంతా నీడ నిలిచి ఉంటుంది. దేవుడికి దక్కిన ఆ భాగ్యం ఊరికి దక్కలేదు. నల్గొండను ఆనుకుని లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట ఉన్నాయి. ఎండాకాలం పగలంతా కాగిన బండ రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. అందుకే మే నెలలో రాత్రి 8 గంటలకు గుట్ట వారన ఉరకడం కన్నా తెల్లారి 5 గంటలకు ఉరకడం మేలు. అప్పుడు కూడా 28, 30 డిగ్రీలుంటుంది. అదే వేగానికి గుండె నిమిషానికి పది, పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. వేగం తగ్గించుకోవడం సిగ్గుపడే పని కాదు. తల తిరిగినా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతూ మనిషి ఏదో ఒకటి మాట్లాడుతున్నా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, మెడ మీద, చంకల్లో, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి తగిలేటట్టు చేయాలి, 108కి ఫోన్ చేయాలి. సోయి సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

పాలమూరు పట్నంలో నీడ అడిగితే పిల్లలమర్రి అంటారు. ఊరి నుంచి 4 కిలోమీటర్లు ఉంటుంది, పోయి రావడం బాగుంటుంది కానీ మర్రి కింద ఉరకాలనుకోవద్దు. 2018లో చెదలు తొలిచి కొమ్మలు పడిపోతుంటే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించి బతికించుకున్న చెట్టు అది. ఊడల చుట్టూ నేల ఎంత మెదిగితే వేళ్లకు అంత చేటు. చెట్టును కంచె బయటి నుంచి చూసి, పరుగు రోడ్డు మీదే ముగించాలి.

నీళ్ల విషయంలో నల్గొండ పేరు వినగానే బయటివాళ్లు ఫ్లోరైడ్ అని భయపడతారు. భయం అబద్ధం కాదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు దాని వల్ల నడుములు వంగిపోయినవాళ్లున్నారు. లీటరుకు ఒక మిల్లీగ్రామ్ దాటొద్దనీ, వేరే నీళ్లే లేకుంటే ఒకటిన్నర దాకా అనీ ప్రమాణం. అయితే ఆ జబ్బు ఏళ్ల తరబడి అవే బోరు నీళ్లు తాగినవాళ్లకు వస్తుంది, పరుగు మధ్యలో ఒక బాటిల్ తాగితే రాదు. వారాలు ఉండేవాళ్లు మాత్రం తాగడానికి, వండుకోవడానికి బోరు నీళ్లు వాడొద్దు. మరగబెడితే పోతుందనుకోవద్దు, నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. ఊరికి దక్కిన కీర్తుల్లో అదొకటి.

ఎంత తాగాలో కొలవడానికి సులువైన దారి ఉంది. పరుగుకు ముందు, తర్వాత చెమట తుడుచుకుని తక్కువ బట్టలతో తూకం చూడాలి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. ఇంట్లో ఒకసారి ఎండాకాలం, ఒకసారి చలికాలం చూసుకుంటే జీవితాంతం లెక్క దొరుకుతుంది, ఊరూరా తూకం యంత్రం వెతకక్కర్లేదు. అరగంట పరుగుకు ముందు గ్లాసున్నర తాగితే మధ్యలో అక్కర్లేదు. గంట దాటితే, అందులోనూ ఎండలో, ఉప్పు కూడా పోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ పెద్దదైతే లీటరు నీళ్లకు మొత్తం కలపాలి. అర లీటరు బాటిల్‌లో కుమ్మరిస్తే చిక్కనై కడుపు తిప్పుతుంది. ప్యాకెట్ లేకుంటే లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చిన్న చెంచాతో, తల గీసి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ దొరికితే అంతకన్నా ఏం కావాలి. నల్గొండ దిక్కు బత్తాయి తోటలు ఎక్కువ, రసం తాగండి, చక్కెర వేయొద్దని ముందే చెప్పండి, చెప్పకుంటే వేస్తారు. పొద్దుటి కల్లు చలువ అని సలహా ఇచ్చే పెద్దమనుషులుంటారు. వినయంగా విని, పరుగు తర్వాత తాగకుండా ఉండండి. తీసిన గంట నుంచే పులుస్తుంది, పులిసింది ఒంట్లో నీళ్లు ఇంకా లాగేస్తుంది.

కుక్కలు. ఊరి కుక్క ఉరికేదాన్ని తరుముతుంది, నడిచేదాన్ని చూసి ఊరుకుంటుంది. మొరుగు వినగానే నడకలోకి దిగాలి, దానికి వీపు చూపొద్దు, కళ్లల్లోకి చూడొద్దు. దగ్గరికొస్తే వంగి రాయి తీసినట్టు చేయి కిందికి పెడితే చాలు, రాయి ఉండనక్కర్లేదు. ఈ సైగ మన కుక్కలన్నిటికీ తెలుసు. ఊరి చివరి ఇల్లు దాటేదాకా నడిచి, అవతల ఉరకడం మొదలుపెట్టాలి. ఆదివారం దారి మార్చుకోవాలి. చికెన్ సెంటర్ల కాడ తెల్లారకముందే గుంపు చేరి ఉంటుంది, తిండి కాడ కుక్క వేరే కుక్క. కరిచినా, గోరు గీరినా నల్లా కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి. రక్తం వచ్చిందంటే గాయం చుట్టూ వేసే సీరం కూడా అడగాలి. చర్మంలోకి వేసే పద్ధతికి 0, 3, 7, 28 రోజులు. కండకు వేసేదానికి 0, 3, 7, 14, 28. తిరిగే మనిషి చీటీ జేబులో పెట్టుకుంటే మూడో రోజు డోసు మహబూబ్‌నగర్‌లో, ఏడో రోజుది వనపర్తిలో వేయించుకోవచ్చు. ఏ పద్ధతిలో మొదలుపెట్టారో చీటీ మీద ఉండాలి. ప్రయాణంలో ఉన్నామని డోసు ఎగ్గొట్టేవాళ్లది తెలివి కాదు.

ఉరకకూడని చోట్లు కూడా ఉన్నాయి. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లనే ఆపేస్తారు, మనిషి కాలినడకన ఏం చూసుకుని పోతాడు? పెద్దపులి కన్నా ఎలుగుబంటి సంగతి ఆలోచించండి, అది ఎదురుపడితే బెదిరి పారిపోదు. అచ్చంపేటలో ఆగి అక్కడి గ్రౌండ్‌లో ఉరికి, తర్వాత బస్సెక్కడం మంచిది. సాగర్ డ్యామ్ మీద కూడా అనుమతి లేకుండా పోనివ్వరు. ఆ సరదా హిల్‌ కాలనీలో, పైలాన్ కాలనీలో తీర్చుకోవచ్చు. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీళ్లు వదిలేదాకా డ్యామ్ కట్టినవాళ్లు ఉన్న కాలనీలవి, చెట్లు పాతవి, బండ్లు తక్కువ. చదును నేల మనిషి అక్కడ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు జాగ్రత్తపడాలి. దిగుడులో తొడ కండ సాగుతూనే బరువు ఆపుతుంది. నొప్పి రెండో రోజు మొదలై మూడో రోజుకు ముదురుతుంది. అడుగులు చిన్నవి చేసి, మోకాలు కొంచెం వంచి దిగాలి. ఇక 65వ నంబరు, 44వ నంబరు హైవేల సర్వీసు రోడ్లు. ఎదురు బండ్లు చూసుకుంటూ ఉరకాలన్న సూత్రం అక్కడ చెల్లదు, రాంగ్ సైడ్ బైకులు వీపు వెనక నుంచి కూడా వస్తాయి.

ఈ "ఏ రోడ్డయినా పట్టుకుని పో" అనే సలహాలన్నీ మగవాళ్లవే. చీకటి విడవని కట్ట మీద ఒంటరిగా ఉరకడం ఆడవాళ్లకు అదే లెక్క కాదు. వాళ్లు గ్రౌండ్‌లో గుండ్రంగా తిరగడాన్ని చిన్నచూపు చూసేవాళ్లకు ఆ తేడా తెలియదు. స్టేడియంలోనో కాలేజీ గ్రౌండ్‌లోనో వాకింగ్ చేసే అక్కల గుంపు ఉంటుంది, తెలియని ఊళ్లో వాళ్లను మించిన భద్రత లేదు.

గ్రౌండ్‌కు పోతే అక్కడ ముందే ఉండేది పోలీసు ఉద్యోగానికి తయారయ్యే పిల్లలు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. మొదటిది కిలోమీటరుకు 4 నిమిషాల 32 సెకన్ల వేగం. వాళ్లతో పోటీ పెట్టుకుని నలభై ఏళ్ల పిక్క పట్టించుకోవడం మామూలుగా జరిగేదే. లోపలి వరస వాళ్లకు వదిలి బయటికి జరగాలి. 400 మీటర్ల ట్రాక్‌లో వరస వెడల్పు 1.22 మీటర్లు, బయటికి ఒక్కో వరస జరిగితే చుట్టుకు 7.67 మీటర్లు పెరుగుతుంది. నాలుగో వరసలో చుట్టు 423 మీటర్లు. సున్నంతో గీసిన మట్టి గ్రౌండ్ చుట్టు 400 ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. ఫోన్ జీపీఎస్ ఆ వంపుల్లో అడ్డం కోసి చూపిస్తుంది. మళ్లీ నిమిషాలే గతి.

తెలంగాణ దాటితే వేడి స్వభావమే మారుతుంది. పాలమూరు మనిషికి ముంబై కొత్తేం కాదు, వలస బస్సులు ఏనాటి నుంచో పోతున్నాయి. అక్కడ మెరైన్ డ్రైవ్ మీదైనా, విశాఖ బీచ్ రోడ్డు మీదైనా ఎండ మన కన్నా తక్కువే కానీ చెమట ఆరదు. 42 డిగ్రీల ఊరి నుంచి వచ్చాను, 32 నాకో లెక్కా అనుకుంటే 20 నిమిషాలకే ఒళ్లు తేలిపోతుంది. మొదటి వారం వేగం తగ్గించి, సాక్సులు రెండు జతలు ఎక్కువ తీసుకుపోవాలి.

లాడ్జి సంగతి రెండు మాటల్లో. పొద్దున 5 గంటలకు షట్టర్ దించి ఉంటుంది, వాచ్‌మన్‌కు రాత్రే చెప్పి పెట్టాలి. తాళంచెవి బూటు లేసుకు కట్టి ముడి లోపలికి దోపాలి. బూట్లు తడిస్తే పేపరు ఉండలు చుట్టి దూర్చి, గంటకోసారి మార్చి, ఫ్యాను కింద పెట్టాలి. ఎండలో పెడితే జిగురు విడుతుంది.

రాసుకునే పుస్తకం జేబులో పట్టేంత ఉండాలి. ఊరికి ఒక పేజీ, తేదీకి రెండు గీతలు. ఇంత చాలు: "పానగల్ కట్ట. పొడి మొరం, ఎడమ అంచున పల్లేరు. 30 నిమిషాలు. ఎండ 6:20కి ముఖం మీద, నీడ లేదు. నీళ్లు తెచ్చుకోవాలి. తూము కాడ మూడు కుక్కలు, నడిస్తే ఊరుకుంటాయి." ఏడాది తర్వాత అదే ఊరికి పోయే ముందు రాత్రి ఆ పేజీ తీస్తే ఎన్ని గంటలకు లేవాలో, ఏ బూటు వేసుకోవాలో, బాటిల్ పట్టుకోవాలో లేదో అందులోనే ఉంటుంది. మారినవి ఉంటే కొట్టేయకుండా కిందే కొత్త తేదీతో రాయాలి. మూడో ఏటికి కట్ట ఎప్పుడు టైల్స్ అయిందో, తుమ్మలు ఎక్కడి దాకా పాకాయో ఆ పేజీలోనే కనపడుతుంది. చెమట చేతితో రాస్తే ఇంకు అలుకుతుంది, పెన్సిల్ పెట్టుకోండి.